అనుపుకు నేను రాసిన తప్పు అర్థం

ఆటల కంపెనీలో ఏడేళ్ళు పనిచేశానంటే మా చర్చి సంఘంలో కొందరు ఇప్పటికీ నమ్మరు. నమ్మినవాళ్ళు నవ్వుతారు. ముప్పై ఏళ్ళు మిషన్ బడిలో తెలుగు చెప్పి, చీరకంటిన చాక్‌పీసు పొడి దులుపుకుని ఇంటికొచ్చిన మనిషి, మళ్ళీ వెళ్ళి కంప్యూటర్లో కత్తులు తిప్పే ఆటలకు కథలు రాసిందంటే నవ్వరా మరి? నేను రెండుసార్లు రిటైరయ్యాను. మొదటిసారి శాలువా కప్పారు. రెండోసారి, అంటే పోయిన ఏడాది, కేకు కోయించారు. దాని మీద నా పేరుకు బదులు "అక్షరదోషం" అని రాయించారు. ఆ ఆఫీసులో నా నోట ఎక్కువసార్లు వచ్చిన మాట అదేనట.

ఈ పనిలోకి వెళ్తున్న పిల్లలు కొందరు నన్ను సలహా అడుగుతుంటారు. నా దగ్గర సలహాలు లేవు. ఒక తప్పు ఉంది, పూర్తిగా నాది. అది చెబుతాను.

మా ఆఫీసు కొత్తవలసలో, స్టేషనుకు దగ్గర్లో, ఒక సిమెంటు కొట్టు పైన రెండు గదులు. విశాఖలో అద్దెలు భరించలేక ఇక్కడికి వచ్చారు. కిరండోల్ నుంచి ఇనుప రాయి మోసుకొచ్చే గూడ్సు బళ్ళు పోతుంటే కిటికీ అద్దాలు గజగజలాడేవి. గొంతులు రికార్డు చేసేటప్పుడు ఎవరో ఒకరు "బండీ!" అని కేక వేసేవారు. అది పోయేదాకా అందరం టీ తాగేవాళ్ళం. మా ఆటలు ఆలస్యంగా బయటికి రావడానికి సగం కారణం ఆ రైలు, సగం ఆ టీ.

నాయకుడిది రాజాం. ధాన్యం వ్యాపారుల ఇంట పుట్టి ఇంజనీరింగు చదివి, వడ్ల బస్తాలూ వద్దు, ఉద్యోగమూ వద్దు అని ఇది పెట్టుకున్నాడు. వరస ఉన్నా లేకపోయినా అతన్ని అందరూ 'బావ' అనేవారు. బొమ్మలు వేసే కుర్రాడిది నరసన్నపేట. శబ్దాలు చూసే అమ్మాయిది రాజాం అవతల చిన్న పల్లె. మాటలు రాయడానికి, తప్పులు దిద్దడానికి నేను. నన్ను 'టీచరమ్మ' అనేవారు.

నేను చేరేనాటికి వాళ్ళ ఆటలో మంచు కోటలూ, ఇనుప తొడుగుల వీరులూ ఉండేవారు. ఒకరోజు బావ తెర వంక చూస్తూ, "ఒరే, ఈ మంచు నువ్వెప్పుడైనా తొక్కినావేట్రా?" అన్నాడు.

"ఫ్రిజ్జులో సూసాను బావా," అన్నాడు బొమ్మల కుర్రాడు.

ఆ నవ్వుల్లోంచే పుట్టింది మా పెద్ద ఆట. కల్పిత రాజ్యమే, కానీ మన సరుకుతో కట్టాలి. కోటల చోట తాటితోపులు, ఉప్పుమళ్ళు, జీడి కొండలు. కోట కాపలాకు ఇనుప వీరుల బదులు, గుండెకు రేకు తప్పెట కట్టుకుని గంతులేసే మన తప్పెటగుళ్ళ మనుషులు. శత్రువు వస్తే తప్పెట మోగిస్తారు, ఆ మోతకే వాడు వెనక్కి పడతాడు. ఆ బొమ్మ కదిలిన రోజు మేమంతా కుర్చీలు వదిలి గెంతాం. నేను కూడా. నా మోకాలు రెండ్రోజులు వాచింది.

ఆ రాజ్యంలో ఎవరు ఏం తింటారు, దేనికి భయపడతారు, ఎవరికి మొక్కుతారు అన్నదంతా ఒక పెద్ద పత్రంగా రాయడం నా పని. మిగతావాళ్ళు అందులోంచి తీసుకుని బొమ్మలు వేస్తారు, శబ్దాలు చేస్తారు. అందులో నేను ఏది రాస్తే అక్కడ అదే సత్యం. బడిలో ముప్పై ఏళ్ళు పాఠ్యపుస్తకం దాటని మనిషికి అంత అధికారం ఇస్తే ఏమవుతుందో చూడండి.

ముందు ఇంకొక సంగతి. మొదటి నెలల్లో బొమ్మల కుర్రాడు రాతిగుడి లాంటిదొకటి గీశాడు. లోపల బల్ల, బల్ల మీద రొట్టె, పాత్ర. ఆటగాడు ఆ పాత్రలోది తాగితే ప్రాణం నిండుతుంది. నేను చూశాను. పద్నాలుగేళ్ళ వయసులో బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచీ, నన్ను నేను పరీక్షించుకోకుండా చర్చిలో ప్రభువు బల్ల దగ్గర ఆ పాత్రను పెదవికి తాకించలేదు. ఒక్కోసారి ఎవరి మీదో కోపం మనసులో ఉందని, ముట్టకుండా పక్కవారికి అందించేశాను. అలాంటిదాన్ని ఇక్కడ ఆటగాడు గెంతుతూ వచ్చి గటగటా తాగేసి కత్తి పట్టుకుపోతున్నాడు. నేనేమీ అనలేదు. మర్నాడు చూస్తే పాత్ర లేదు, దాని చోట తాటిముంజెలున్నాయి.

"ఎవరు మార్చమన్నారు?" అని అడిగాను.

"మీరేటీ అన్లేదండి. మీ మొకం సెప్పీసినాది," అన్నాడు ఆ కుర్రాడు. అంత మర్యాద గల పిల్లలు వాళ్ళు. ఆ మర్యాద నేను తీసుకున్నాను. తిరిగి ఇవ్వాలన్న ఊహే రాలేదు.

ఇక నా తప్పు. ఆటకు చివర్న ఒక పెద్ద శత్రువు కావాలి, దాన్ని గెలిస్తేనే ఆట ముగుస్తుంది. ఎవరా అని అందరూ తలలు పట్టుకుంటుంటే నేను క్షణంలో చెప్పేశాను. మా వైపు ఊళ్ళలో గ్రామదేవతకు సంబరం చేస్తారు. ఆఖరి రోజును 'అనుపు' అంటారు. అంపడమంటే పంపడం. చిన్నప్పుడు ఆ సాయంత్రం మా ఇంట్లో తలుపులు, కిటికీలు వేసేసేవారు. సంఘపెద్ద అయిన మా నాన్న మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి, బయటి డప్పులు వినబడకుండా గట్టిగా పాటలు పాడించేవాడు. ఎంత పాడినా మధ్యలో ఊపిరి తీసుకోవాలి కదా. ఆ ఊపిరి సందులో ఆడవాళ్ళ ఏడుపు వినిపించేది. "ఏంటి నాన్నా?" అంటే "దెయ్యాన్ని అంపేస్తన్నారు" అనేవాడు. అరవై ఏళ్ళు వచ్చినా నాకు అనుపంటే తెలిసింది అంతే. మూసిన కిటికీ ఇవతల నుంచి విన్నది.

అదే రాశాను. జ్వరాలు తెచ్చే ఒక రాకాసి రాణి. ఎర్రని కళ్ళు, జడలో వేపమండలు, నెత్తిన పసుపు పూసిన ఘటాలు. ఊరు ఆమెను పొలిమేర దాకా తరుముతుంది. వీరుడు ఘటాలను ఒక్కొక్కటే పగలగొట్టాలి. ఆఖరిది పగిలితే రాణి చస్తుంది. చివరి ఘట్టం పేరు 'అనుపు'. రాస్తున్నప్పుడు నాకు కొంచెం పుణ్యకార్యం చేస్తున్నట్టు కూడా ఉండేది. అది దాచను.

మూడు నెలలు దాని మీద పని జరిగింది. శబ్దాల అమ్మాయికి నేనిచ్చిన జాబితాలో మాత్రం ఒకే ముక్క ఉంది: 'అనుపు పాట, ఆడవారి గొంతు.' ఆ అమ్మాయి బొమ్మలు చూడలేదు. తన శబ్దాల గదిలోంచి ఆమె బయటికి వచ్చేదే తక్కువ. ఆ ముక్క చదివి ఎంత సంబరపడిందో. "వేరే ఎవులూ ఎందుకండి? మాయమ్మ ఉన్నాది కదా. మా ఊర్ల అనుపు పాట ఎత్తుకునేది మాయమ్మే," అంది.

అలా ఒక శుక్రవారం ఆ తల్లి వచ్చింది. రెండు బస్సులు మారి, తేగల కట్ట పట్టుకుని. చెప్పులు మెట్ల కిందే విడిచింది. శబ్దాల గదిలోకి తొంగి చూసి, "ఇదేటే గుంటా, గోడలకి పరుపులు కట్టినారు?" అంది.

"గొంతు బయిటికి పోకుండానమ్మా."

"బయిటికి పోకపోతే ఇంకెందుకే పాడడం?"

అందరం పగలబడి నవ్వాం. తర్వాత ఆమె కళ్ళు మూసుకుని ఎత్తుకుంది. నేను చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటున్నాను. పాటలో ఎక్కడా కోపం లేదు. ఎవరో ఎవరికో జాగ్రత్తలు చెబుతున్నారు. ఏరు దాటేటప్పుడు కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకోమని, దారిలో ఆకలేస్తే ఒడిలో ఉన్నది తినమని. నాకు ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టయింది. అంతలో "బండీ!" అని కేక.

రైలు పోయేలోగా ఆమె గది బయటికొచ్చి, బొమ్మల కుర్రాడి వెనక నిలబడి తెర వంక చూసింది. అక్కడ అప్పుడే మూడో ఘటం పగులుతోంది.

"ఎవులు బాబూ ఇది?"

"రాకాసండి. ఆకర్న దీన్ని సంపీయాల," అన్నాడు వాడు హుషారుగా.

"మరి నెత్తిమీద ఘటమేటి?"

రైలు పోతూనే ఉంది. ఆమె ఒంగి తెరకు దగ్గరగా చూసింది. వేపమండలు చూసింది, పసుపు చూసింది. నెమ్మదిగా కూతురి వైపు తిరిగింది. "దీనికేనేటే నా సేత పాడించినావు? అనుపని సెప్పినావు కాదేటి?"

ఆ అమ్మాయి మొదటిసారి ఆ బొమ్మ చూస్తోంది. "అనుపనే రాసున్నాదమ్మా," అని నా వైపు చూసింది.

నేను హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాను. "అనుపంటే... అమ్మవారిని వెళ్ళగొట్టడమే కదండీ?"

"ఆడపిల్లని అత్తోరింటికి అంపినప్పుడు, ఎల్లగొట్టినామంటారేటి టీచరమ్మా మీ ఇళ్ళల్ల?"

"మరి ఏడుస్తారు కదా..."

"ఏడవరేటి? పిల్ల ఎల్లిపోతంటే నవ్వుతారేటి?"

ఆమె గొంతు పెంచలేదు. బావతో మాత్రం ఇలా అంది: "నా గొంతు తీసీండి బాబూ. మా సంబరానికి ఘటమెత్తీది నాను. ఊర్ల ఆడోళ్ళందరూ నా యెనకాల పాడతారు. ఆ ఘటం పగలగొట్టిన కాడ నా గొంతినిపిస్తే, రేపు ఏ మొకం పెట్టుకుని ఎత్తుతాను?"

తేగల కట్ట బల్ల మీద పెట్టి, "తినండి, మీకోసమే తెచ్చినాను," అని మెట్లు దిగిపోయింది. కూతురు ఆమె వెంట వెళ్ళింది. నాలుగు రోజులు పనికి రాలేదు, ఫోను ఎత్తలేదు. ఆ తేగలు ఎవరూ ముట్టలేదు.

బావ చెడ్డవాడు కాదు. కానీ డబ్బు పెట్టినవాళ్ళకు ఆట చూపించాల్సిన గడువు రెండు నెలల్లోకి వచ్చేసింది. "వేరే గొంతు పెట్టీద్దాం టీచరమ్మా. ఊరి పేరు నేదు, అమ్మ పేరు నేదు. కల్పన కదా, ఎవులికి తెలుస్తాది?" అన్నాడు. నేను సరేననీ అనలేదు, కాదనీ అనలేదు.

ఆ ఆదివారం సండేస్కూల్లో పాఠం చెప్పే వంతు నాది. పాఠం పది ఆజ్ఞలు. అబద్ధ సాక్ష్యం చెప్పకూడదన్న దగ్గరికి వచ్చేసరికి ఒకే వాక్యం రెండుసార్లు చదివాను. పొరుగువాళ్ళ గురించి తెలియనిది తెలిసినట్టు చెప్పడం అని పిల్లలకు ఎన్నేళ్ళుగా వివరిస్తున్నాను! పాఠం ఎలాగో ముగించి, అందరూ వెళ్ళాక అక్కడే మోకరించాను. నాకు ఆ తాటిముంజెలు గుర్తొచ్చాయి. నా పాత్రకు వాళ్ళు అడగకుండానే మర్యాద చేశారు. ఆమె ఘటాన్ని నేను పగలగొట్టించాను.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నేను ప్రభువును తప్ప ఎవరినీ ఆరాధించను. ఆ రోజూ అంతే, ఇవాళా అంతే. అన్నీ ఒకటేలే అనేసే మనిషిని కాను. అలా అంటే ఆ తల్లి కూడా ఒప్పుకోదు. కానీ ఆమె నమ్మకాన్ని నేను నమ్మకపోవడం వేరు, ఆమె ఏం నమ్ముతుందో అబద్ధం రాయడం వేరు. మొదటిదానికి నాకు హక్కుంది. రెండోదానికి లేదు. కల్పిత రాజ్యమైతే మాత్రం? గోడలు కల్పితం, ఇటుకలు ఎవరి ఇంటివో వాళ్ళవే.

సోమవారం బావకు చెప్పేశాను. "తప్పు గొంతుది కాదు, కథది. కథ నాది." బావ కిటికీలోంచి పట్టాల వంక చూస్తూ, "మూడు నెలలు టీచరమ్మా," అన్నాడు. తర్వాత, "ఆ గుంట నేకపోతే ఆఫీసు సప్పగా ఉన్నాది. ఎల్లి తీసుకు రండి," అన్నాడు.

మంగళవారం ఆ పల్లెకు నేనొక్కదాన్నే వెళ్ళాను. ఆమె అరుగు మీద కూర్చుని చేటలో మినుములు చెరుగుతోంది. కూతురు నన్ను చూసి లోపలికి పోయింది. మంచినీళ్ళు మాత్రం తెచ్చింది. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. కిటికీ మూసిన సంగతి, మా నాన్న మాట, నా రాత.

ఆమె చెరగడం ఆపలేదు. "అయితే ఇన్నేళ్ళూ మేం దెయ్యాన్ని తోలుతున్నామనుకున్నావు?"

"అవునండి."

"మా ఊర్ల మీవోళ్ళ కిటికీలు సూసి మేం ఏటనుకునీవోళ్ళమో తెలుసా? పాపం, ఈళ్ళింట్ల ఎవులికో ఎప్పుడూ ఒంట్ల బాగోదు, అందుకే మూసీసుకుంటారు, అనీవోళ్ళం."

లోపల నుంచి కూతురి నవ్వు వినిపించింది. నాకు సగం ప్రాణం వచ్చింది. ఇదంతా సరిచేసి మళ్ళీ రాస్తాను, అనుపంటే ఏమిటో మీరే చెప్పండి అన్నాను. ఆమె చేట కింద పెట్టింది.

"మీ దేవుడొప్పుకుంటాడేటి? అడిగినావా?"

"అడిగాను."

"ఏటన్నాడు?"

"నిజం రాయమన్నాడు."

ఆమె అరుగు మీద కొంచెం జరిగి నాకు చోటిచ్చింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. వాళ్ళ ఊళ్ళో అమ్మవారంటే ఆడపడుచు. ఏడాదికోసారి పుట్టింటికి వస్తుంది. ఎండన పడి వచ్చిన పిల్ల కదా, ఒళ్ళు కాగిపోతుంటుంది. అందుకని ఇంటింటా పసుపునీళ్ళు, వేపాకు వేసి చల్లబరుస్తారు. అదే సల్లదనం చెయ్యడం. ఆఖరి రోజు చీర పెట్టి, ఒడిలో బియ్యం పోసి, పొలిమేర దాకా దిగబెడతారు. ఘటం ఒలకకూడదు, నెమ్మదిగా నడవాలి. "ఉరికినోడు అంపీవోడు కాదమ్మా, ఒదిలించుకునీవోడు," అంది. ఆ వాక్యాన్ని నేను అక్కడే అరచేతిలో రాసుకున్నాను.

చివర్న ఒక షరతు పెట్టింది. పూర్తయ్యాక తను చూడాలి. చూసి సరేనంటేనే గొంతు ఉంటుంది. లేదంటే మొత్తం తీసేయాలి, ఆ పాట ఇంకెవరి చేతా పాడించకూడదు. అంటే ఆమె కాదంటే మాకు ఇంకో ముగింపు ఉండదు, గడువుకు ఆట ఉండదు. బావ ఫోనులోనే ఒప్పుకున్నాడు. అమ్మాయి మర్నాడు పనికొచ్చింది. వస్తూనే ఆ తేగలు బూజు పట్టాయని అందర్నీ తిట్టింది.

రెండు నెలలు మళ్ళీ కష్టపడ్డాం. బొమ్మల కుర్రాడు ఎర్ర కళ్ళు చెరిపి, అలసిన కళ్ళు గీశాడు. చివరి ఘట్టంలో ఇప్పుడు యుద్ధం లేదు. అప్పటిదాకా కత్తి తిప్పిన ఆటగాడు కత్తి గుమ్మం దగ్గర పెట్టి, ఘటం ఎత్తుకోవాలి. ఊరంతా దాటుకుంటూ పొలిమేరకు నడవాలి. తొందరపడితే నీళ్ళు ఒలుకుతాయి, ఒలికితే మళ్ళీ మొదటి ఇంటి దగ్గర్నుంచి. "ఆకర్న ఫైటు నేని ఆట ఎవులాడతారు బావా?" అని బొమ్మల కుర్రాడు గొణిగేవాడు. "ముయ్యరా, గియ్యి," అనేవాడు బావ. నమ్మకం లేనివాడి గొంతుతోనే అనేవాడు.

షరతు ప్రకారం చూపించే రోజు ఆ తల్లి ఒక్కతే రాలేదు. తన వెనక పాడే మరో ఇద్దరు ఆడవాళ్ళను తీసుకొచ్చింది. ముగ్గురూ తెర ముందు నేల మీద కూర్చున్నారు. కుర్చీలు వద్దన్నారు. బావే ఆడి చూపించాడు. తొందరపడి రెండుసార్లు నీళ్ళు ఒలకబోశాడు. ఆడవాళ్ళు "అయ్యయ్యో, నెమ్మదిగా" అన్నారు. మూడోసారి పొలిమేర చేరాడు. పాట ఆగింది. తెర మీద ఒక గడి వచ్చింది, అందులో నా అక్షరాలు.

"ఏటి రాసినారు అక్కడ?" అని అడిగింది ఆ తల్లి.

"'పంపించు' అనుందమ్మా. అది నొక్కితే అమ్మ ఎల్లిపోతాది," అంది కూతురు.

"ఎల్లిపో అని ఎవులంటారే ఆడపిల్లని?"

ఇంత నేర్చుకుని, అరచేతిలో రాసుకుని కూడా, నేను మళ్ళీ తప్పే రాశాను. లేచి బొమ్మల కుర్రాడి పక్కకు వెళ్ళి, ఆ గడిలో ఏం ఉండాలో చెప్పాను. నా సంగతి ప్రభువుకు తెలుసు. ఆ మాట నా మొక్కు కాదు, వాళ్ళ మాట. దాన్ని తప్పులేకుండా రాయడమే నా ఉద్యోగం. వాడు మార్చాడు. బావ మళ్ళీ మొదటి ఇంటి నుంచి నడిచాడు. ఈసారి చుక్క ఒలకలేదు. పొలిమేర దగ్గర గడి వచ్చింది: 'ఎల్లి రా తల్లీ.'

బావ వేలు మీట మీద ఉంది. నొక్కలేదు. తెర మీద ఆమె ఒడిలో బియ్యంతో, పొద్దు వాలుతున్న దారి వైపు తిరిగి నిలబడి ఉంది.

"ఏటి బావా, నొక్కవేటి?" అన్నాడు బొమ్మల కుర్రాడు.

"ఉండ్రా. కాసేపు ఉండనీ," అన్నాడు బావ.

నేల మీద కూర్చున్న ఆ తల్లి అలాగే ముందుకు జరిగి, అతని వీపు మీద చెయ్యి వేసింది.

"నొక్కు బాబూ," అంది. "పొద్దుపోతే పిల్లకి దారి కనిపించదు."